వీగిన సవరణలు, నిలిచిన మాటలు

ప్రతి ఏటా నవంబరు 26న రాజ్యాంగ దినోత్సవం జరుపుకుంటున్నాం. 2015 నుంచి ప్రభుత్వ కార్యాలయాలలో, పాఠశాలల్లో రాజ్యాంగ పీఠికను అందరూ నిలబడి చదవడం ఆనవాయితీ అయింది. మరోవైపు, ఈ రాజ్యాంగానికి కాలం చెల్లిందనీ, కొత్తది రాసుకోవాలనీ అనే మాట అప్పుడప్పుడు పెద్ద పదవుల్లో ఉన్నవారి నోటనే వినవస్తున్నది. 2022 ఫిబ్రవరిలో అప్పటి తెలంగాణ ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావు దేశానికి కొత్త రాజ్యాంగం అవసరమని విలేకరుల ఎదుట అన్నారు. 2023 ఆగస్టులో, ప్రధానమంత్రి ఆర్థిక సలహా మండలికి అధ్యక్షులుగా ఉన్న బిబేక్ దేబ్రాయ్ ఒక ఆంగ్ల దినపత్రికలో అదే వాదన వినిపించారు. ఈ ఇద్దరి రాజకీయాలు వేరు, కారణాలు వేరు. కానీ ఆ మాట ఎవరు అన్నా మన ఇళ్ళలో పుట్టే ఆందోళన ఒక్కటే: మన హక్కుల గతి ఏమిటి?

ఆ ఆందోళన సహజమే. అయితే కొత్త రాజ్యాంగంలో ఏం రాస్తారన్న దానికన్నా ముందు అడగవలసిన ప్రశ్నలు ఉన్నాయని మేము భావిస్తున్నాం. దానిని రాయడానికి ఎవరు కూర్చుంటారు? ముసాయిదా ఎన్నాళ్ళు జనం ముందు ఉంటుంది? ఓడిపోతామని తెలిసిన పక్షానికి మాట్లాడే వ్యవధి ఎంత ఇస్తారు? చివరకు దానిని ఎవరు, ఏ విధంగా ఆమోదిస్తారు? ఈ ప్రశ్నలకు కొలబద్ద కావాలంటే మనం ఇప్పుడు అనుభవిస్తున్న రాజ్యాంగం ఎలా తయారైందో తెలుసుకోవాలి.

రాజ్యాంగ పరిషత్తు 1946 డిసెంబరు 9న ఢిల్లీలో తొలిసారి సమావేశమైంది. దాని సభ్యులను ప్రజలు నేరుగా ఎన్నుకోలేదు. ఆస్తి, చదువు ఉన్న కొద్దిమందికే ఓటు ఉన్న కాలంలో ఏర్పడిన రాష్ట్ర శాసనసభలు వారిని ఎన్నుకున్నాయి. ముస్లిం లీగ్ మొదటి సమావేశాలను బహిష్కరించింది. ఆ తరువాత దేశ విభజన జరిగింది. 1947 ఆగస్టు 29న డాక్టర్ అంబేద్కర్ అధ్యక్షతన ఏడుగురు సభ్యుల ముసాయిదా కమిటీ ఏర్పడింది. అస్సాంకు చెందిన సయ్యద్ ముహమ్మద్ సాదుల్లా అందులో ఒకరు. 1948 ఫిబ్రవరిలో ముసాయిదా వెలువడింది. వెంటనే సభలో ఓటుకు పెట్టలేదు. దాదాపు ఎనిమిది నెలలు అది దేశ ప్రజల ముందు ఉన్నది. ఆ తరువాతే, 1948 నవంబరు 4న అంబేద్కర్ దానిని సభలో ప్రవేశపెట్టారు. దానిపై ఇంచుమించు 7,635 సవరణలకు నోటీసులు వచ్చాయి. వాటిలో 2,473 సవరణలు నిజంగా సభ ముందు ప్రతిపాదితమయ్యాయి. ఒక్క ముసాయిదా పరిశీలనకే సభ 114 రోజులు కూర్చున్నది. 1949 నవంబరు 26న రాజ్యాంగం ఆమోదం పొందింది. 1950 జనవరి 24న సభ్యులు సంతకాలు చేశారు, 26న అది అమలులోకి వచ్చింది. ప్రజాభిప్రాయ సేకరణ ఏదీ జరగలేదు. పరిషత్తు ఆమోదమే తుది ఆమోదం.

ఈ లెక్కలు చాలామందికి పాఠ్యపుస్తకాల ద్వారా తెలిసినవే. మన సముదాయంలో తక్కువగా తెలిసిన విషయం మరొకటి ఉన్నది. విభజన తరువాత ఆ సభలో మిగిలిన పిడికెడు మంది ముస్లిం సభ్యులు ఏం చేశారన్నదే ఆ విషయం. దేశం రెండైన గాయం పచ్చిగా ఉన్న రోజులవి. ముస్లిం సభ్యుడు ఏ హక్కు అడిగినా, పాకిస్తాన్ ఇచ్చాం కదా, ఇంకా ఏమిటి అని ముఖం మీదే అనగలిగిన వాతావరణం. అటువంటి సభలో కూడా వారు లేచి నిలబడ్డారు. తమలో తాము విభేదించుకున్నారు కూడా. వారందరిదీ ఒకే గొంతు అనుకోవడం వారికి చేసే అన్యాయమే అవుతుంది.

స్వాతంత్ర్యం వచ్చిన 12 రోజులకు, 1947 ఆగస్టు 27న, మద్రాసు నుంచి వచ్చిన బి. పోకర్ సాహెబ్ ముస్లింలకు ప్రత్యేక నియోజక వర్గాలు కొనసాగించాలని సవరణ ప్రతిపాదించారు. సర్దార్ పటేల్ దానికి కటువుగా సమాధానం ఇచ్చారు. సవరణ వీగిపోయింది. అయితే ఉమ్మడి నియోజక వర్గాలలోనే, జనాభా ప్రాతిపదికన, పదేళ్ళపాటు మైనారిటీలకు చట్టసభల్లో సీట్లు కేటాయించడానికి ఆ రోజు సభ అంగీకరించింది. 1948 ముసాయిదాలోనూ ఆ హామీ ఉన్నది. కానీ 1949 మే నెలలో సలహా సంఘం తన నిర్ణయాన్ని మార్చుకుంది. షెడ్యూల్డు కులాలకు తప్ప మతపరమైన మైనారిటీలకు సీట్ల కేటాయింపు వద్దని సిఫారసు చేసింది. ఆ చర్చలో మద్రాసు ముస్లిం లీగ్ నాయకులు మహమ్మద్ ఇస్మాయిల్ సాహెబ్ ప్రత్యేక నియోజక వర్గాల కోసం మళ్ళీ వాదించారు. సంయుక్త రాష్ట్రాల నుంచి వచ్చిన జెడ్.హెచ్. లారీ మరో మార్గం సూచించారు: సీట్ల కేటాయింపు వద్దు, కానీ ఒక్కో నియోజక వర్గం నుంచి పలువురు సభ్యులను ఎన్నుకునే పద్ధతి పెట్టి, ఓటరు తన ఓట్లన్నింటినీ ఒకే అభ్యర్థికి వేసే వీలు కల్పించండి అన్నారు. పరిషత్తులోని ఏకైక ముస్లిం మహిళ బేగం ఐజాజ్ రసూల్ ఈ రెండింటికీ భిన్నంగా, కేటాయింపు మైనారిటీలను అధిక సంఖ్యాకుల నుంచి శాశ్వతంగా వేరు చేస్తుందని, అది తమను తామే దెబ్బతీసుకునే ఆయుధమని వాదించారు. సభ కేటాయింపును రద్దు చేసింది.

ఎవరి వాదన సరైనదో ఈ పేజీలో తీర్పు చెప్పడం మా ఉద్దేశం కాదు. చట్టసభల్లో మన సంఖ్య చూసినవారు ఎవరి తీర్పు వారు చెప్పుకోవచ్చు. మేము గుర్తు చేయదలచింది ఒక్కటే. ముసాయిదాలో అచ్చయినంత మాత్రాన ఏ హక్కూ ఖాయం కాదు. పదిహేను నెలల్లో అది మాయం కావచ్చు. కాబట్టి ముసాయిదా వెలువడిన రోజు నుంచి తుది ఓటు పడేదాకా కన్ను వేసి ఉంచాల్సిందే.

ఇక వీగిపోయినా బ్రతికిన సవరణల సంగతి.

మొదటిది మాతృభాష. 1948 డిసెంబరు 8న, నేటి 29, 30 అధికరణలకు మూలమైన ముసాయిదా అధికరణ చర్చకు వచ్చినప్పుడు, ప్రత్యేక భాష, లిపి ఉన్న పౌరుల పిల్లలకు ఆ భాషలోనే ప్రాథమిక విద్య పొందే హక్కు ఉండాలని జెడ్.హెచ్. లారీ సవరణ ప్రతిపాదించారు. ఉర్దూ భవిష్యత్తు ఆయన మనసులో ఉన్నదని వేరే చెప్పనవసరం లేదు. సవరణ నెగ్గలేదు. ఎనిమిదేళ్ళు గడిచాయి. భాషా ప్రాతిపదికన రాష్ట్రాలు ఏర్పడిన 1956లో ఏడవ రాజ్యాంగ సవరణ ద్వారా 350ఎ అధికరణ వచ్చింది. భాషాపరమైన మైనారిటీల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించేందుకు ప్రతి రాష్ట్రమూ ప్రయత్నించాలని అది నిర్దేశిస్తున్నది. లారీ కోరినది హక్కు. దక్కినది ప్రయత్నించమనే ఆదేశం. అయినా ఇవాళ ఆంధ్రప్రదేశ్‌లో, తెలంగాణలో ఏదైనా ఉర్దూ పాఠశాలలో టీచరు పోస్టు ఖాళీగా ఉంటే మనం అర్జీలో ఉదహరించగలిగిన అధికరణ అదే.

రెండవది వ్యక్తి స్వేచ్ఛ. చట్టం నిర్దేశించిన పద్ధతిలో తప్ప ఎవరి ప్రాణాన్నీ స్వేచ్ఛనూ హరించరాదని ముసాయిదా చెప్పింది. అది చాలదని, చట్టసభ ఎంత అన్యాయమైన పద్ధతినైనా చట్టంగా చేయగలదని, కాబట్టి న్యాయసమ్మతమైన ప్రక్రియ అనే రక్షణ కావాలని ఖాజీ సయ్యద్ కరీముద్దీన్, మహబూబ్ అలీ బేగ్ వంటి సభ్యులు పట్టుబట్టారు. వారితోపాటు ఇతర మతాలకు చెందిన సభ్యులు పలువురు అదే మాట అన్నారు. 1948 డిసెంబరు 13న ఆ సవరణలు వీగిపోయాయి. అయినా ఆ అసంతృప్తి సభను వదలలేదు. 1949 సెప్టెంబరులో అంబేద్కర్ స్వయంగా ఒక కొత్త అధికరణను ప్రతిపాదించారు. ముందరి నిర్ణయంపై దేశంలో వచ్చిన అసంతృప్తిని తీర్చడానికే దానిని తెస్తున్నామని ఆయన దాచుకోకుండా చెప్పారు. అదే నేటి 22వ అధికరణ. అరెస్టు చేసినప్పుడు కారణం చెప్పాలి, న్యాయవాదిని సంప్రదించనివ్వాలి, 24 గంటల్లోగా మేజిస్ట్రేటు ఎదుట హాజరు పరచాలి. ముందస్తు నిర్బంధానికి చోటిచ్చిన అధికరణ కూడా అదేనన్నది మరవరాదు. కానీ ఏ తల్లి అయినా పోలీసు స్టేషన్ మెట్ల మీద నిలబడి నా కొడుకును ఎందుకు తీసుకొచ్చారని అడగగలిగిందంటే, ఆ ప్రశ్న వెనుక ఒక వీగిపోయిన సవరణ ఉన్నది. 1978లో మేనకా గాంధీ కేసులో సుప్రీంకోర్టు, వ్యక్తి స్వేచ్ఛను హరించే పద్ధతి న్యాయంగా, సహేతుకంగా ఉండాలని తీర్పు చెప్పింది. ముప్పై ఏళ్ళ క్రితం సభలో ఓడిన వాదన న్యాయస్థానంలో గెలిచింది.

మూడవది సోదాలకు సంబంధించినది. తగిన కారణం లేకుండా పౌరుల ఇళ్ళను, కాగితాలను సోదా చేయరాదన్న రక్షణను రాజ్యాంగంలో చేర్చాలని ఖాజీ కరీముద్దీన్ మరో సవరణ తెచ్చారు. అంబేద్కర్ దానిని అంగీకరిస్తానన్నారు. అయినా ఓటింగు వాయిదా పడి, చివరకు అది కూడా వీగిపోయింది. 2017 ఆగస్టు 24న తొమ్మిదిమంది న్యాయమూర్తుల సుప్రీంకోర్టు ధర్మాసనం వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కు అని ప్రకటించినప్పుడు, పరిషత్తులోని ఆ పాత చర్చ తీర్పులో ప్రస్తావనకు వచ్చింది.

మాలో కొందరం ప్రభుత్వ కచేరీలలో ఫైళ్ళ మధ్య సర్వీసు ముగించినవాళ్ళం. అక్కడ నేర్చుకున్న సత్యం ఒకటి ఉన్నది. నోటితో చెప్పిన మాటను గాలి తీసుకుపోతుంది. కాగితం మీద పెట్టి, ఇన్‌వార్డు నంబరు వేయించుకున్న మాట తిరస్కరణకు గురైనా ఫైలులో ఉంటుంది. ఎప్పుడో ఒకప్పుడు మరో అధికారి ఆ ఫైలు తెరుస్తాడు. ఆ సభ్యులు చేసినది అదే. నెగ్గే ఆశ లేకపోయినా తమ మాటను దేశపు ఫైలులో చేర్చి వెళ్ళారు.

అన్ని వాదనలూ అలా తిరిగి రాలేదన్నది కూడా నిజం. ఉమ్మడి పౌరస్మృతిపై 1948 నవంబరు 23న జరిగిన చర్చలో మహమ్మద్ ఇస్మాయిల్, నజీరుద్దీన్ అహ్మద్, మహబూబ్ అలీ బేగ్, పోకర్ సాహెబ్ వంటివారు వ్యక్తిగత చట్టాలకు మినహాయింపు కోరారు. నెల్లూరు జిల్లాలో పుట్టిన మన అల్లాడి కృష్ణస్వామి అయ్యర్, కె.ఎం. మున్షీ వారిని వ్యతిరేకించారు. మినహాయింపు దక్కలేదు. నేటి 44వ అధికరణ ఆదేశిక సూత్రంగా నిలిచింది. అయితే అదే చర్చకు సమాధానమిస్తూ అంబేద్కర్, భవిష్యత్తు పార్లమెంటు స్వచ్ఛందంగా సమ్మతించినవారికే స్మృతిని వర్తింపజేసే విధంగా మొదలు పెట్టవచ్చునని సూచించారు. ఆ మాట ఆయన నోట వచ్చింది ఆ సవరణలు ప్రతిపాదించినవారు ఉన్నందువల్లనే. ఇవాళ ఉమ్మడి పౌరస్మృతి మీద ఏ వేదికపై చర్చ జరిగినా మన తరఫున చూపగలిగిన అధికారిక వాక్యాలలో అది ముఖ్యమైనది.

తెలంగాణ పాఠకులు మరో సంగతి గమనించాలి. ఆ సభలో హైదరాబాద్ సంస్థానం నుంచి ప్రతినిధులే లేరు. రాజ్యాంగ ఆమోదానికి కొద్ది రోజుల ముందు, 1949 నవంబరులో, నిజాం ఫర్మానా ద్వారా ఆ రాజ్యాంగాన్ని సంస్థానానికి వర్తింపజేయడానికి సమ్మతించారు. అంటే, హైదరాబాదు, వరంగల్లు, నిజామాబాదు, మహబూబ్‌నగర్ ప్రాంతాల ప్రజలు, వారు హిందువులైనా ముస్లింలైనా, ఒక్క సవరణ కూడా ప్రతిపాదించే అవకాశం లేకుండానే ఈ రాజ్యాంగం కిందికి వచ్చారు. ఆ తరువాత దానిని వారు తమదిగా చేసుకున్నారు. కానీ రాసేటప్పుడు గదిలో లేకపోవడం అంటే ఏమిటో మన ప్రాంత చరిత్రే చెబుతున్నది. అటువంటి స్థితి మరొకసారి ఏ సముదాయానికీ రాకూడదు.

చర్చ లేకుండా చేసిన రాజ్యాంగం ఏమవుతుందో చూడాలంటే ముస్లింలు అధిక సంఖ్యాకులుగా ఉన్న దేశాల వైపు కూడా చూడాలి. న్యాయానికి రెండు తూనికలు ఉండరాదు. ఈజిప్టులో 2012 నవంబరులో చర్చి ప్రతినిధులు, పలువురు ఇతర సభ్యులు రాజ్యాంగ సభ నుంచి వైదొలిగారు. మిగిలినవారు 230కి పైగా అధికరణలను ఒక్క రాత్రి సమావేశంలో వరుసగా ఓటు వేసి ఆమోదించారు. డిసెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణలో దాదాపు 64 శాతం అవును అన్నారు. కానీ ఓటు వేయడానికి వచ్చినది మొత్తం ఓటర్లలో మూడో వంతు మాత్రమే. ఏడాది తిరగకముందే సైన్యం ప్రభుత్వాన్ని కూలదోసి ఆ రాజ్యాంగాన్ని పక్కన పెట్టింది. 2014 జనవరిలో సైనిక పాలన నీడలో వచ్చిన మరో రాజ్యాంగానికి 98 శాతం ఓట్లు పడ్డాయి. అంత ఏకాభిప్రాయం ఏ స్వేచ్ఛాయుత సమాజంలోనూ ఉండదని వేరే చెప్పాలా? ట్యునీషియాలో ప్రజలు 2011లో ఎన్నుకున్న సభ రెండేళ్ళకు పైగా వాదించుకుని, 2014 జనవరి 26న 216 మందిలో 200 మంది మద్దతుతో రాజ్యాంగాన్ని ఆమోదించింది. ఇస్లామీ పక్షం, లౌకిక పక్షం రెండూ తలో మెట్టు దిగినందువల్లనే అది సాధ్యమైంది. 2022లో దేశాధ్యక్షుడు దానిని తోసిపుచ్చి, ముసాయిదా ప్రచురించిన నెల తిరగకుండానే కొత్తదానిపై ఓటింగు పెట్టారు. ఓటు వేసినవారు మూడో వంతు కూడా లేరు.

ఈ అనుభవాలు చెప్పేది ఏమిటి? అధిక సంఖ్యాకుల ఓటు ఒక పత్రాన్ని చట్టం చేయగలదు. ఓడిన పక్షానికి కూడా తన మాట విన్నారన్న నమ్మకం ఉంటేనే ఆ పత్రం రాజ్యాంగం అవుతుంది. మష్వరా, షూరా అని మనం గౌరవంగా చెప్పుకునే విలువకు అర్థం కూడా ఇదే. అది మనకు అధికారం ఉన్న చోట ఎదుటివారికి వర్తించాలి. మనం తక్కువగా ఉన్న చోట మనకు వర్తించాలి.

మన రాజ్యాంగంలో సవరణకు 368వ అధికరణ మార్గం చూపింది. మొత్తాన్ని తీసివేసి వేరొకటి రాసే విధానం అందులో లేదు. 1973 ఏప్రిల్ 24న కేశవానంద భారతి కేసులో సుప్రీంకోర్టు పార్లమెంటు మౌలిక స్వరూపాన్ని మార్చజాలదని తీర్పునిచ్చింది. ఆ తీర్పు ఏడుగురికి ఆరుగురు చొప్పున, ఒక్క న్యాయమూర్తి ఆధిక్యంతో వచ్చిందని గుర్తుంచుకుంటే, కోర్టు గోడల వెనుక నిశ్చింతగా నిద్రపోవడం తగదని అర్థమవుతుంది.

పైగా, హక్కుల రూపురేఖలు మారడానికి కొత్త రాజ్యాంగమే రానక్కర లేదు. మామూలు చట్టాలు చాలు. 2023 జూన్ 14న ఉమ్మడి పౌరస్మృతిపై 22వ లా కమిషన్ ప్రజల అభిప్రాయాలు కోరింది. ఇచ్చిన గడువు 30 రోజులు, ఆ తరువాత కొంత పొడిగించారు. ఒక్క ముసాయిదా కోసం ఎనిమిది నెలలు ఆగిన దేశంలో ఇది గడువా? పైగా ఆ ప్రకటనతో పాటు ముసాయిదా అన్నదే లేదు. వక్ఫ్ సవరణ బిల్లు 2024 ఆగస్టులో లోక్‌సభకు వచ్చి, సంయుక్త పార్లమెంటరీ కమిటీకి వెళ్ళి, 2025 ఏప్రిల్‌లో చట్టమైంది. కమిటీలోని ప్రతిపక్ష సభ్యులు తమ అసమ్మతిని లిఖితపూర్వకంగా నమోదు చేశారు. సంఖ్యాబలం ముందు అది నిలవలేదు. కానీ అదే ఏడాది సెప్టెంబరు 15న సుప్రీంకోర్టు మధ్యంతర ఉత్తర్వులో ఆ చట్టంలోని కొన్ని నిబంధనల అమలును నిలిపివేసింది. అసమ్మతి కాగితం వృథా పోదనడానికి ఇది మన కళ్ళ ముందరి నిదర్శనం.

కాబట్టి పాఠకులకు, కార్యకర్తలకు మా విన్నపం ఇది. ప్రతి మస్జిద్ కమిటీ, ప్రతి మహిళా బృందం రాజ్యాంగంలోని 14 నుంచి 30 వరకు అధికరణలను తెలుగులోనో ఉర్దూలోనో ఒకచోట కూర్చుని చదవాలి. రాజ్యాంగ పరిషత్తు చర్చల సంపుటాలు లోక్‌సభ సచివాలయం ప్రచురించినవే. మన న్యాయవాదులు, విద్యార్థులు వాటిలోని ముఖ్య ఘట్టాలను తెలుగులోకి తేవాలి. ఏ బిల్లు మీద అభిప్రాయాలు కోరినా, వాట్సాప్‌లో వచ్చిన ఒకే నమూనాను వేలమంది పంపడంతో సరిపెట్టుకోకుండా, మన ఊరి శ్మశానం, మన బడి, మన ఇంటి వారసత్వ అనుభవం జోడించి, పేరు, సంతకంతో పంపాలి. ప్రతిని, రసీదును భద్రపరచాలి. దళిత, ఆదివాసీ, క్రైస్తవ సోదరుల పక్కన కూర్చుని ఆ పని చేయాలి. న్యాయసమ్మతమైన ప్రక్రియ కోసం ఆనాడు వాదించినవారు కూడా ఒక్క మతంవారు కారు.

కొత్త రాజ్యాంగం కావాలనేవారు ఎదురైతే కోపగించుకోనవసరం లేదు. మర్యాదగా అడగండి: మీరు ఎనిమిది నెలలు ఆగుతారా? రెండు వేల నాలుగు వందల సవరణలు వింటారా? మీతో ఏకీభవించనివారిని ముసాయిదా కమిటీలో కూర్చోబెడతారా? అవును అనేదాకా, ఉన్న రాజ్యాంగాన్ని చదివి, దానిని పట్టుకుని నిలబడటమే మన కర్తవ్యం.